కొసముక్క

బస్సులో డ్రైవరు వెనక సీటు పెద్దమనిషి తాటికాయలోంచి ముంజె చిట్లకుండా ఎలా తియ్యాలో చెబుతున్నాడు. వింటున్నవాళ్ల నుదుటి మీద పట్టీలు ఒక్కొక్కటే ఆకుపచ్చగా వెలిగాయి. ఒకాయన పట్టీ మాత్రం వెలగలేదు. ఆ కిటుకు ఆయనకు ముందే తెలుసన్నమాట. పెద్దమనిషి చిన్నబుచ్చుకుని, తెలిసినవాడికి చెప్పడం తనదే తప్పన్నట్టు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ముక్తేశ్వరి ఇదంతా చూస్తూనే ఉంది. ఆమె పట్టీ కూడా వెలిగింది. విశాఖపట్నంలో రోజూ బస్సెక్కే వాళ్లకు ఇది మామూలే. దిగేలోపు ఎవరో ఒకరు ఏదో ఒకటి కొత్తది చెబుతారు, బదులుగా ఇంకో కొత్తది వింటారు. ఎవరి లెక్క వాళ్లకు పెరుగుతుంది.

ఎరుకపట్టీ వచ్చి ఒక తరం దాటింది. కొత్త సంగతి ఏదైనా మనిషి బుర్రలోకి వెళ్లి అక్కడ కుదురుకుంటే, ఎంత కుదురుకుందో తూచి చెప్పడం దాని పని. ఆ తూకానికి ‘మానిక’ అని పేరు పెట్టారు. పేరు పెట్టిన సంఘంలో ఎవరికో పాతకాలపు కొలతల మీద మమకారం ఉండి ఉండాలి. క్రెడిట్లు అనే మాట ఇప్పుడు ముసలి ప్రొఫెసర్ల నోట్లో మిగిలింది, అంతే. పరీక్షలు పోయాయి, కాపీలు పోయాయి, ట్యూషన్ సెంటర్ల బోర్డులు కూడా పోయాయి. పెళ్లిచూపుల్లో కాఫీలు రాకముందే మానికలు అడుగుతున్నారు. అంతా మంచికే అని అందరూ అంటారు, చాలామటుకు నిజమే కూడా.

ఒక్కటే చిక్కు. విన్నదే మళ్లీ వింటే తూకం సున్నా. అందుకని జనం చెప్పిందే చెప్పడం మానేశారు. ఎవరైనా పొరపాటున రెండోసారి మొదలుపెడితే ‘చెప్పారండీ’ అని ఆపెయ్యడం మర్యాద అయి కూర్చుంది. తన పెళ్లిలో వాన పడి పందిరి కూలిన సంగతి ముక్తేశ్వరి చెప్పుకొని ఎన్నాళ్లయిందో. ఆమెకు తెలిసినవాళ్లలో అది విననివాళ్లెవరూ మిగల్లేదు.

బస్సు దిగి, సముద్రానికి ఎదురుగా ఉన్న విశ్వవిద్యాలయం మెట్లెక్కుతూ ఆమె ఆ రోజు పనిని తలుచుకుంది. ఒక్కటే పని. ఒక అప్పగింత. కానీ పది పనులున్న రోజు కూడా ఆమె మెట్ల మీద ఇన్నిసార్లు ఆగలేదు.

ముక్తేశ్వరి విదేశీ చదువుల సమన్వయకర్త. బయటి దేశంలో చదివొచ్చిన దాన్ని ఇక్కడి చదువుగా గుర్తించడం పూర్వం పెద్ద తలనొప్పిగా ఉండేది. అక్కడి పాఠం పేరూ ఇక్కడి పాఠం పేరూ కలవలేదని ఏడాదికి ఏడాది కొట్టేసేవారు. వెళ్లేముందు ఎంత పకడ్బందీగా ఒప్పందం రాసుకున్నా, వచ్చాక ఎవరో ఒక అధికారి కళ్లజోడు సవరించుకుని ఇది చెల్లదనేవాడు. పట్టీ వచ్చాక తూకం సులువైంది. అయితే మీ పిల్లలకు మేం నేర్పిందెంత, మా పిల్లలకు మీరు నేర్పిందెంత అని విశ్వవిద్యాలయాల మధ్య కొత్త తగువు మొదలైంది. పిల్లలు కూడా నచ్చకపోతే మధ్యలో వదిలేసి ఇంటికొచ్చేసేవారు.

వయసులో ఉన్నప్పుడు ముక్తేశ్వరి దానికి ఒక ఉపాయం చెప్పింది. అదే జోడు పద్ధతి. ఇక్కణ్నించి ఒకరు అక్కడికి వెళితే అక్కణ్నించి ఒకరు ఇక్కడికి రావాలి. ఇద్దరూ ఏమేం నేర్చుకోవాలో ‘తుల్య’ అనే యంత్రం ముందుగానే పథకం వేస్తుంది. ఆఖర్న ఇద్దరి మానికలూ సరితూగితే ఇద్దరికీ గుర్తింపు, తూగకపోతే ఇద్దరికీ లేదు. గడువు లోపల ఒకరు దేశం దాటినా ఇద్దరి ఏడాదీ పోయినట్టే. ముక్కూ మొహం తెలియని ఇంకొకరి చదువు తమ చేతిలో ఉందనేసరికి పిల్లలు బుద్ధిగా కూర్చుని చదివారు. తగువులు తీరాయి. ముక్తేశ్వరికి శాలువా కప్పారు.

జోడీలు ఇద్దరూ ఏడాది పొడుగునా ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. ఒకరి ఎరుక ఇంకొకరికి అంటుకుంటే తూకం చెడుతుంది. ఇద్దరూ మొదటిసారి కలుసుకునేది ఆఖరి రోజునే, ఆ కలయికకే అప్పగింత అని పేరు. అది పెళ్లిళ్లలో మాట, వింటే ఏడుపులు గుర్తొస్తాయని అప్పట్లో కొందరు వద్దన్నారు. ఇక్కడ ఏడవడానికి ఏముందండీ అని ముక్తేశ్వరే నవ్వి ఆ పేరు ఉంచేసింది.

అప్పగింతలో ఎదురెదురుగా కూర్చుని, అవతలివారి దేశంలో తాము నేర్చుకున్న పాఠం ఒకటి అవతలివారికే చెప్పాలి. విన్నవారి పట్టీ వెలగాలి. ఆ పైన విన్నవారు ఒక మాట అనాలి: ‘నా బదులు ఈమె అక్కడ నిలిచింది. ఈమె పొందినది నేను పొందినట్టే.’ ఆ మాట రాసింది కూడా ముక్తేశ్వరే. రాసిన రోజున అది ఎంతో అందంగా కనిపించింది ఆమెకు.

ఈనాటి జోడులో ఇక్కణ్నించి వెళ్లిన పిల్ల గేదెల హిమజ. శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు అమ్మాయి. తల్లి శాంతమ్మకు ఊళ్లో టిఫిన్ కొట్టుంది. తండ్రి లారీ నడిపేవాడు. హిమజ బళ్లో చదివే రోజుల్లో పాడేరు ఘాట్‌లో వాన రాత్రి కొండచరియ విరిగి లారీ మీద పడింది. ఆయన్ను బయటికి తీసేసరికి పిల్లలు చూడదగ్గట్టు లేదన్నారు, చూపించలేదు. హిమజ కొండచరియల చదువే చదువుతానని పట్టుబట్టడానికి కారణం అదే. ఆ ఘాట్ రోడ్డును కనిపెట్టుకుని ఉండే విభాగంలో ఆమెకు ఉద్యోగం ఖాయమైంది. ఈ ఏడాదికి గుర్తింపు వస్తే చేరవచ్చు. రాకపోతే ఆ చోటు వరసలో తర్వాతి మనిషికి పోతుంది.

అక్కణ్నించి వచ్చిన కుర్రాడు లెవాన్. జార్జియాలో ఒక కొండ ఊరు. తల్లి లేదు, తండ్రి ఒతారి ఒక్కడే. తుపాను గాలికి తీరం ఎలా నిలబడుతుందో నేర్చుకోవడానికి కవిటి ఇసుకలోకి వచ్చి పడ్డాడు. జోడీ పిల్లవాణ్ని ఇంటివాళ్లు చూసుకోవడం రివాజు కాబట్టి హిమజ గదిలో ఉంటూ మూడుపూటలా శాంతమ్మ కొట్లోనే తినేవాడు. తెలుగు కూడా అక్కడే నేర్చుకున్నాడు. అందుకని అది విశ్వవిద్యాలయం తెలుగులాగా కాకుండా శాంతమ్మ తెలుగులాగా తయారైంది.

చలికాలంలో ఒతారి మంచం పట్టాడు. చూపు మందగించింది, మనసు అటూ ఇటూ పోతోంది. తెరమీద కొడుకు కనిపిస్తే ఎవరో తెలియక మొహం తిప్పేసుకునేవాడు. లెవాన్ ఆ సంగతి శాంతమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వెళ్లిపో బాబూ అని ఆమె అన్నది. తను దేశం దాటితే హిమజ ఏడాది పోతుందని అతనికి తెలుసు, ఆ ఏడాది ఎందుకో శాంతమ్మ ఇంట్లో గోడ మీద ఫొటో చూసి ఇంకా బాగా తెలుసు. అతను ఉండిపోయాడు.

అక్కడ లెవాన్ హాస్టల్ గదిలోనే హిమజ ఉంటోంది. అతని మేనత్త ఎతేరి, తమ్ముడు ఒతారికి చలికని, లెవాన్ గదిలో వదిలేసిన ఉన్నికోటు కోసం వచ్చింది. కోటు మడత పెడుతూ ఏడ్చింది. కొడుకు ఎందుకు రాలేదని హిమజ అడిగితే, నీ కోసమేనమ్మా అని ఉన్నమాట చెప్పేసింది. మర్నాడు హిమజ పట్టీ తీసి కిటికీలో పెట్టి, ఎతేరితో కొండెక్కింది.

పట్టీ మూగబోయిందని తుల్య విశాఖపట్నానికి తెలియజేసింది. జోడు రద్దు చేయాలా అని ముక్తేశ్వరిని అడిగింది. ఆమె హాస్టల్‌కు ఫోన్ చేసి సంగతి తెలుసుకుని, తర్వాత చెబుతానని నొక్కింది. యంత్రం రోజూ అడగడం, ఆమె రోజూ తర్వాత అనడం. ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో ఆమె చేసిన నిబంధనకు విరుద్ధమైన పని అదొక్కటే. తన నిబంధన వల్ల ఒక కొడుకు తండ్రి దగ్గరికి వెళ్లలేకపోయాడన్న మాట ఆమెను వదల్లేదు.

ఒతారి చనిపోయాడు. హిమజ హాస్టల్‌కు తిరిగొచ్చి, తిండి నిద్ర మానుకుని చదివి, వెనకబడిన మానికలన్నీ పూడ్చుకుంది. ఇప్పుడు ఇద్దరి తూకమూ సమానంగా ఉంది. అప్పగింత ఒక్కటే మిగిలింది.

అప్పగింత గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడలో తుల్య పలక. లెవాన్ ముందే వచ్చి కూర్చున్నాడు. మనిషి సన్నబడ్డాడు, ఎండకు మొహం రాగిరంగు తిరిగింది. గడువు పూర్తయి జార్జియా నుంచి తిరిగొచ్చిన హిమజ ఎదురుగా కూర్చుంది. ఏడాది పాటు ఒకరి గదిలో ఒకరు బతికినవాళ్లు మొదటిసారి మొహాలు చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరూ నమస్కారం కూడా పెట్టలేదు. మా అమ్మ ఎలాగుందని హిమజ అడిగింది. బాగుందని, మోకాలు నొప్పి తగ్గిందని అతను చెప్పాడు.

మొదటి వంతు లెవాన్‌ది. తీరం పొడుగునా ఉన్న సరుగుడు తోపుల గురించి చెప్పాడు. గాలిని ఆపేది చెట్టే అనుకుంటారు గాని, చెట్టు కింద రాలిన సూదుల మందమే ఇసుకను పట్టి ఉంచుతుందట. పొయ్యిలోకని అది ఊడ్చేసిన చోటల్లా మొదటి తుపానుకే తోపు ఒరిగిపోయిందట. హిమజ పట్టీ వెలిగింది. చిన్నప్పుడు తల్లితో కలిసి బుట్టలకెత్తింది ఆ సూదులేనని ఆమె అన్నది. తర్వాత ఆ మాట అనాల్సి వచ్చింది, అన్నది: నా బదులు ఇతను అక్కడ నిలిచాడు, ఇతను పొందినది నేను పొందినట్టే.

ఇప్పుడు హిమజ వంతు. పథకం ప్రకారం కొండ లోపల నీళ్లు ఎటు నడుస్తాయో ఆమె చెప్పాలి. ఆమె చేతులు బల్ల మీద పెట్టింది.

“మేడమ్, నేను ఆ పాఠం సెప్పను. వేరేది సెప్తాను.”

ముక్తేశ్వరి నెమ్మదిగా, అప్పగింత ఒకసారే ఉంటుందని, పాఠం ముగించి సంతకాలయ్యాక బయట టీ తాగుతూ ఎంత కావాలంటే అంత మాట్లాడుకోవచ్చని చెప్పింది. ఆమె మాటలో బతిమాలడం కూడా ఉంది.

“బయటైతే ఆలిస్సెం అయిపోద్ది మేడమ్. నా బదులు నిల్సుందని అతను ముందే అనీస్తాడు కదా. నేను అక్కడ ఏటి సేసానో తెలీకుండా ఆ మాట అనిపించుకోలేను.”

లెవాన్ తలెత్తి, చెప్పమన్నాడు.

హిమజ చెప్పింది. ఆమె ఆ ఇంట్లోకి అడుగుపెట్టినప్పుడు ఒతారి కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నాడట. తలుపు చప్పుడు విని, లెవాన్ వచ్చావా అన్నాడట. లెవాన్ కాదని ఎతేరి చెప్పబోయింది. ఆ లోపలే హిమజ నోట్లోంచి ‘వచ్చాను నాన్నా’ అని వచ్చేసింది. వాళ్ల భాషలో, పాఠాల్లో నేర్చుకున్న మాటలతోనే. అప్పుడు ఆయన ఆమె చెయ్యి పట్టుకుని తన చెంపకు ఆనించుకున్నాడు. ఆ తర్వాత కాదని చెప్పే ధైర్యం ఆమెకు రాలేదు. ఎతేరి కూడా, ఇలాగే పోనీయమ్మా అన్నది. పోయేదాకా ఆమె లెవాన్ లాగే ఆయనకు సూపు తాగించింది, కాళ్లు రుద్దింది, పిలిస్తే పలికింది. ఆఖరి రోజున కూడా ఆయన చెయ్యి ఆమె చేతిలోనే ఉంది.

“మా నాన్నను నాకు సూపించలేదు. మీ నాన్న దగ్గర కూకోవాలనిపించి ఎల్లాను. కానీ మీ సోటు తీసీసుకున్నాను. ఆయన మీరొచ్చారనుకునే పోయారు. అబద్ధం సెప్పి పంపించీసాను.”

ముక్తేశ్వరి లెవాన్ పట్టీ వైపు చూసింది. అది వెలగలేదు. విన్నంత మాత్రాన పట్టీ వెలగదు, విన్నది లోపల కుదురుకోవాలి. అతను విన్నాడు గాని లోపలికి తీసుకోలేకపోతున్నాడు. తండ్రి పోయేటప్పుడు తను లేడన్నది ఒక దుఃఖం. తను లేని లోటు కూడా తండ్రికి తెలియలేదంటే, అది ఇంకొకటి. ఏ బాధను ముందు పడాలో తెలియనట్టు కూర్చున్నాడు.

చివరికి, నాన్న ఏం తినేవాడని అడిగాడు.

సూపు రెండు గరిటెలు అని హిమజ చెప్పింది. పొద్దున్న పూట మాత్రం రొట్టె తనే తుంచేవాడట. అక్కడి రొట్టె పొడుగ్గా ఉండి రెండు చివర్లా మొనదేలి ఉంటుంది. ఎతేరి వేడిగా తెచ్చి ఒళ్లో పెడితే, చేతులు వణుకుతున్నా ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మధ్యలో మెత్తటి ముక్క తీసి హిమజకిచ్చేవాడు. ఒక కొస పాలలో నానబెట్టుకుని తను తినేవాడు. రెండో కొస మాత్రం తలగడ కింద దాచేవాడు. సాయంత్రం ఎతేరి పక్క సర్దుతూ అది తీసి పిట్టలకేసేది, మతి తప్పిందని కళ్లొత్తుకునేది. తెల్లారితే మళ్లీ అంతే.

లెవాన్ ముందుకు వంగాడు.

“మీకు ఏ ముక్క ఇచ్చేవాడు?”

“మధ్యది.”

“రోజూనా? ఒక్క రోజైనా కొస ఇవ్వలేదా?”

లేదని హిమజ అన్నది. అడిగినా ఇవ్వలేదు, ఒకసారి కొస బాగుంటుందని చెయ్యి చాపితే ఆయన నవ్వి మధ్యముక్కే పెట్టాడని చెప్పింది.

లెవాన్ కుర్చీలో వెనక్కి వాలాడు. అతని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, మొహంలో మాత్రం ఇందాకటి బిగువు లేదు. అమ్మ పోయాక ఇంట్లో తామిద్దరమే మిగిలామని చెప్పాడు. రొట్టెకు రెండు కొసలు కాబట్టి చెరొకటి. కొస అంటే ఇంటివాళ్లది. గడప లోపలికి వచ్చిన చుట్టానికి ఎప్పుడూ మధ్యముక్కే, ఎంత దగ్గరివాళ్లైనా సరే. ఎతేరి అత్త ఎప్పుడో వచ్చిపోయే మనిషి, ఆమెకు కూడా మధ్యముక్కే పెట్టేవాడు. అందుకే ఆమెకు ఆ సంగతి తెలియదు.

“కళ్లు కనబడకపోనీండి, మతి పోనీండి, కొస ఎవులికియ్యాలో మా నాన్న మరిసిపోడండి. మీరు నేను కాదని ఆయనకి తెలుసు.”

హిమజ కూడా ముందుకు వంగింది.

“మరి నన్ను మీ పేరుతో ఎందుకు పిలిసీవోరు?”

“వొచ్చానని మీరే అన్నారు కదా. కాదంటే ఇంటికొచ్చిన మనిషి సిన్నబోద్దని ఊరుకున్నాడు. నా ముక్క నాకు దాసీసి, మిమ్మల్ని నా పేరుతో పిలిసేడు. మా నాన్న అలగే సేస్తాడు.”

హిమజ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. మోసం చేశానని కొండ దిగిన నాటినుంచి మోస్తున్న బరువు అది. ఆ ముసలాయన తనను ఓదార్చడానికి తన అబద్ధాన్ని రోజూ పొద్దున్నే ఒప్పుకున్నాడని, ఒప్పుకుంటూనే కొడుకు ముక్కను కొడుక్కే ఉంచాడని ఇప్పుడు తెలిసింది. ఆమె నుదుటి మీద పట్టీ వెలిగింది. ఆకుపచ్చ దాటి, తెల్లగా, గదిలో ఎప్పుడూ చూడనంతగా వెలిగింది.

లెవాన్ పట్టీ అలాగే నల్లగా ఉంది. అతనికి ఇందులో కొత్త సంగతేమీ లేదు. తన తండ్రి ఎలాంటివాడో అతనికి ముందే తెలుసు.

తుల్య పలక మీద అక్షరాలు వచ్చాయి. అప్పగింత తిరగబడింది. చెప్పవలసినవారు పొందారు, పొందవలసినవారికి ఏమీ చేరలేదు. తుది మాట నమోదు కాలేదు, అంటారా అని అడిగింది. ముక్తేశ్వరి ఏదో చెయ్యాలని లేచింది. ఆ మాట అంటే కనీసం పై సంఘానికి విన్నవించుకోవడానికి ఒక సందు ఉంటుంది, ఆ మాట అనమని లెవాన్‌ను అడిగింది. హిమజ ఉద్యోగం సంగతి కూడా గుర్తు చేసింది.

అతను హిమజ వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఈమె నా బదులు నిల్సుందని నేను అనలేనండి. అలగంటే మా నాన్న మాట కాదన్నట్టు అవుద్ది. ఈమె ఈమెలాగే నిల్సుంది, ఆయన ఆయనలాగే సూసుకున్నాడు.”

పలక మీద ఆఖరి మాట పడింది: అసమానం. గుర్తింపు లేదు.

అంటే ఇద్దరి ఏడాదీ పోయినట్టే. ఘాట్ రోడ్డు ఉద్యోగం ఇంకెవరికో పోతుంది. ఏ చదువు చెడకూడదని అతను తండ్రి దగ్గరికి వెళ్లకుండా ఉండిపోయాడో, ఆ చదువే చెడిపోయింది. కొత్త జోడుకు తానే స్వయంగా రాసి పంపుతానని, సందు ఎక్కడున్నా వెతుకుతానని ముక్తేశ్వరి అన్నది. అంటున్నప్పుడే ఆ మాటల్లో బలం లేదని ఆమెకే తెలుస్తోంది. ఒక మనిషికి ఇంకొక మనిషిని సరితూచవచ్చని ఇన్నేళ్లు నమ్మింది. అందులో పొరపాటు ఎక్కడుందో ఒక ముసలాయన రొట్టె తుంచి చూపించాడు. ఆమెకు సిగ్గుగానూ ఉంది, ఎందుకో ఊరటగానూ ఉంది.

పిల్లలిద్దరూ ఆమె మాటలు విన్నట్టు లేరు.

“ఆఖరి రోజు కూడా దాసేడా?” అని లెవాన్ అడిగాడు.

దాచాడని హిమజ చెప్పింది. ఆ పొద్దున్న చేతుల్లో సత్తువ లేక ఎంతోసేపు పట్టింది, అయినా తుంచాడు. ఆ మధ్యాహ్నమే పోయాడు. అంతా అయ్యాక, మనుషులంతా వెళ్లాక, పక్క ఎత్తుతుంటే ఆ ముక్క కనిపించింది. పొద్దున్నించీ ఆమె ఏమీ తినలేదు.

“నాకు తెలీదు కదా. ఆకలేసి తినీసాను.”

అది ఆమె భయం భయంగా చెప్పింది. లెవాన్ ఒక్కటే అడిగాడు.

“ఎలగుంది?”

“గట్టిగా ఉంది. ఉప్పెక్కువ.”

“అత్త ఉప్పు ఎక్కువే ఏస్తాది,” అన్నాడు లెవాన్. ఆ వెంటనే అతనికి నవ్వొచ్చింది, నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. పోనీండి, పిట్టలకు పోకుండా ఒక్కటైనా దక్కిందన్నాడు.

తర్వాత అతను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

“మల్లీ సెప్పండి. మొదట్నించి.”

హిమజ అర్థంకానట్టు చూసింది. ఆ మాట ఆమె ఇంతకుముందు ఎవరి నోటా వినలేదు. చెప్పాను కదా అన్నట్టు ముక్తేశ్వరి వైపు తిరిగింది. ముక్తేశ్వరి గోడ దగ్గరికి వెళ్లి పలక ఆపేసి వచ్చి, తన కుర్చీలో కూర్చుంది.

హిమజ మొదలుపెట్టింది. తలుపు తీసేసరికి ఆయన కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నాడని చెప్పింది. ఈసారి కిటికీలోంచి ఏం కనిపించేదో, దుప్పటి ఏ రంగుదో కూడా లెవాన్ అడిగాడు. కొన్ని అతనికి తెలిసినవే, అయినా అడిగాడు. ఎవరి పట్టీ కూడా వెలగలేదు. ఎవరూ ఆపలేదు. రొట్టె దగ్గరికి వచ్చేసరికి ఆమె కాస్త ఆగి, వణికే చేతులు ఎలా తుంచేవో తన చేతులతో చేసి చూపించింది.